మాస్టారిది ఏ పక్షం

ఉండండి, లేవకండి, ఒక్క యాభై అయిదు నిమిషాలు చెవి ఇటు పడేయండి. ఇప్పుడు సాయంత్రం నాలుగూ అయిదు. సరిగ్గా అయిదింటికి ఆ చివర డాక్టరు గది తలుపు తెరుచుకుంటుంది, ఆ లోపు ఒక మనిషి ఒకే ఒక్క మాట తేల్చుకోవాలి. ఆసుపత్రి మూడో అంతస్తు వరండాలో, గోడకి వరసగా బిగించిన ఇనప కుర్చీల్లో ఒకదాని మీద, ఒళ్ళో పొడుగాటి నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాడే, అతనే. చేసేది లిఫ్టులు బాగుచేసే పని, అందుకని స్నేహితులు అతన్ని లిఫ్టు అనే పిలుస్తారు, పదకొండేళ్ళుగా ఆ పిలుపుకి ఎంత అలవాటు పడిపోయాడంటే సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరిగి ఇంకెవర్నో పిలుస్తున్నారేమో అని చూస్తాడు. ఎదురుగా అద్దాల తలుపు, తలుపు వెనక మంచం, మంచం మీద మాస్టారు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారు, పంతొమ్మిది రోజుల కింద పొద్దున్నే చెప్పులు తొడుక్కోబోతూ గుమ్మంలో పడిపోయిన మాస్టారు, మెదడులో రక్తనాళం చిట్లి అప్పట్నుంచి కన్ను తెరవని, గొంతుకి పెట్టిన గొట్టంలోంచి ఒక యంత్రం ఊపిరి పోస్తుంటే పోయించుకుంటున్న మాస్టారు. ఆ యంత్రాన్ని ఉంచాలా తీసెయ్యాలా అన్నది అయిదింటికి తేలుతుంది. తేల్చేది ఈ నోటుబుక్కు. నోటుబుక్కులో ఉన్నది మాస్టారి మాటేనా కాదా అని తేల్చాల్సింది లిఫ్టు.

మాస్టారి కూతురు నిన్న ఆయన గుడ్డసంచీ దులిపితే బయటపడింది ఇది, ఆ అమ్మాయి బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేస్తుంది, ఏ కాగితం కనిపించినా తేదీ చూడటం ఆమెకి అలవాటు, తేదీ చూసింది, నాన్న సంతకం చూసింది, చదివింది, చదివి నేల మీద కూర్చుండిపోయింది. డాక్టరు కూడా చదివాడు. మంచివాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, ఆశ లేదని చెప్పేటప్పుడు కూడా గడియారం వైపు చూడడు. "ఇంత స్పష్టంగా రాసిపెట్టుకున్నవాళ్ళు చాలా తక్కువమంది అమ్మా," అన్నాడట. "ఇది రాసినప్పుడు ఆయనతో కూర్చున్నవాళ్ళెవరైనా ఇది ఆయన అభిప్రాయమే అని చెప్తే మనకింక సందేహం ఉండదు." దాంతో ఆ అమ్మాయి లిఫ్టుకి ఫోన్ చేసింది. అన్నయ్యా, మీరు ఒకసారి రండి, అంతే, అంతకు మించి ఒక్క ముక్క లేదు. వచ్చాడు, పని మధ్యలోంచి వచ్చాడు, గోళ్ళ సందుల్లో ఇంకా గ్రీజు ఉంది, బుక్కు అట్ట మీద బొటనవేలి ముద్ర పడింది, తుడవబోతే ఇంకాస్త పెద్దదైంది.

అరవై రెండో పేజీ. తెరవక్కర్లేదు, కంఠతా వచ్చు, అయినా తెరుస్తున్నాడు. మాస్టారు చెప్తుంటే రాసిన లైబ్రరీ అక్క దస్తూరి, ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. "మనిషంటే ఊపిరి కాదు. ఎదుటివాణ్ణి గుర్తుపట్టటం మనిషి. ఆ గుర్తుపట్టటం పోయాక నాలో మిగిలేది ఒంటికున్న అలవాటు. ఆ అలవాటు కోసం నన్ను నిలబెట్టకండి. నన్ను ప్రేమించేవాళ్ళకి నేను చేయగలిగిన ఆఖరి సాయం వాళ్ళ చేతుల్లోంచి జారిపోవటం, నా చేతులు తమంతట తాము వదలలేకపోతే మీరు వేళ్ళు విప్పండి." కింద మాస్టారి సంతకం, వంకర్లు తిరిగిన ఆ పాత సంతకం, హాజరు పట్టీల్లో ముప్ఫయ్యేళ్ళు పెట్టీ పెట్టీ అరిగిపోయిన సంతకం. చదివిన వాళ్ళెవరైనా ఏమనుకుంటారు? ఇంకేమనుకుంటారు! నేను, నన్ను, నాలో, అని నోరారా చెప్పుకున్నాడు కదా మనిషి. ఆ "నేను" దగ్గరే ఉంది తిరకాసంతా, ఆ నేను మాస్టారు కాదు, ఆ నేను చీటీ, ఈ సంగతి ఈ లోకంలో నలుగురికే తెలుసు, ఆ నలుగురిలో ఒకరు అద్దాల వెనక ఉన్నారు.

వరండా చివర అసలు లిఫ్టు వచ్చింది, తలుపు మూసుకునేటప్పుడు ఒక్క క్షణం తటపటాయించింది, మళ్ళీ తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. సెన్సారు మీద దుమ్ము. పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే సరిపోతుంది, ఎవరూ తుడవరు, చెవులు మూసుకుని కూర్చుందామంటే కుదరదు, ఎక్కడికెళ్ళినా ముందు లిఫ్టే వినిపిస్తుంది అతనికి, ఆ తర్వాతే మనుషులు. దాని వెనక, సన్నగా, అద్దాల తలుపు సందులోంచి ఇంకో యంత్రం. ఉస్సు, టక్, ఉస్సు, టక్. అది తటపటాయించదు. దాన్ని బాగా చూసుకుంటున్నారు.

చీటీల సంగతి చెప్పాలి, చెప్పకపోతే మీకు ఈ చిక్కు అర్థం కాదు. ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి, టైలరు బావ దుకాణం పైన గదిలో, కత్తిరింపు బల్ల చుట్టూ నలుగురు. మాస్టారు, టైలరు బావ, లైబ్రరీ అక్క, లిఫ్టు. బావ ఎవరికీ బావ కాదు, అక్క ఎవరికీ అక్క కాదు, అలా పడిపోయాయి పిలుపులు. గోడ మీద ఆ నెల ప్రశ్నల పట్టీ. చచ్చిపోయినవాళ్ళకిచ్చిన మాటకి విలువుందా? క్రూరుడైన రాజు మంచి చెరువు తవ్విస్తే అతని విగ్రహం ఉంచాలా? తాత చేసిన తప్పుకి మనవడు తలదించుకోవాలా? ఒక్క అమాయకుడి ప్రాణంతో ఊరంతా బతుకుతుందంటే ఆ బేరం ఒప్పుకోవచ్చా? బొత్తాల డబ్బాలో నాలుగు చీటీలు, రెండింటి మీద రెండు పక్షాలు, రెండు ఖాళీ. ఖాళీ వచ్చినవాళ్ళు వింటారు, తీర్పు చెప్తారు, బుక్కులో రాస్తారు. పక్షం వచ్చినవాళ్ళు వాదిస్తారు, నమ్మినా నమ్మకపోయినా ప్రాణం పెట్టి వాదించాలి, "ఒకడున్నాడనుకోండి" అని తప్పుకోకూడదు, "నేను" అనే మాట్లాడాలి, కింద సంతకం పెట్టాలి. ఇక అన్నిటికంటే పెద్ద రూలు, మెట్లు దిగాక నీ అసలు అభిప్రాయమేంటని ఎవరూ ఎవర్నీ అడక్కూడదు. రూలు పెట్టింది మాస్టారే. కుర్రతనంలో ఆయనకో ప్రాణస్నేహితుడుండేవాడట, ఇద్దరూ నిజంగా నమ్మిన మాటల మీద ఒక సాయంత్రం వాదించుకున్నారు, ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు మాట్లాడుకోలేదు, ఒకే వీధిలో ఉండి మాట్లాడుకోలేదు, ఆ మనిషి పోయాడని కూడా ఇంకెవరో చెప్తే తెలిసిందట. "నమ్మకాలు ఇంట్లో పెట్టి రండర్రా," అనేవారు. "ఇక్కడికి బుర్ర తెచ్చుకోండి చాలు."

ఎంత బాగుండేదో! టైలరు బావకి ఒకసారి చరిత్రకి గమ్యం లేదనే పక్షం వస్తే చేతిలో ఉన్న ప్యాంటు పైకెత్తి, "ఇదిగో చరిత్ర, పైన ఒక్కటే నడుము, కింద రెండు కాళ్ళూ చెరో దారి, ఎటు పోతోందో చెప్పు చూద్దాం," అన్నాడు, అక్క నవ్వాపుకోలేక తీర్పు రాయటం మానేసింది. మాస్టారు క్రూరుడైన రాజు తరఫున ఎంత బాగా మాట్లాడారంటే అక్క రెండు వారాలు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో నెల తిరిగి దాదాపు అదే ప్రశ్న వస్తే ఈసారి అవతలి చీటీ, ఆ రాజుని మాటలతోనే పీఠం మీంచి లాగి నేలకేసి కొట్టారు. ఏది నిజం? రెండిట్లోనూ గొంతు వణికింది, రెండిట్లోనూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాబట్టి బాగా మాట్లాడాడంటే నమ్మాడని కాదు, గొంతు వణికిందంటే లెక్కలోకి రాదు, సాక్ష్యం కింద ఏదీ నిలబడదు. పదకొండేళ్ళు, దాదాపు అయిదొందల శనివారాలు, దేవుడు, చావు, న్యాయం, యుద్ధం, క్షమ, వదిలిపెట్టిన విషయమంటూ లేదు. ఆయన ఏ ఒక్క విషయంలోనైనా నిజంగా ఏమనుకునేవాడో చెప్పు అంటే, చెప్పలేడు, లిఫ్టు చెప్పలేడు. టీలో చక్కెర వద్దనేవాడని చెప్పగలడు. ఎండలో గొడుగు వేసుకునేవాడు కాదు, వానలో ఎవరి గొడుగులోకైనా దూరేవాడు. ఇంత తెలుసు, ఇంతే తెలుసు, ఇంతకంటే తెలియకుండా ఉండేలా తామే కట్టుదిట్టం చేసుకున్నారు.

గంటన్నర కింద అక్కకి ఫోన్ చేశాడు. అక్క ఊళ్ళో లేదు, రైల్లో ఉంది, గొంతు వచ్చి పోతూ ఉంది. "నేను విన్నది విన్నట్టు రాశానురా లిఫ్టూ. పక్కన 'చీటీ ప్రకారం' అని రాయలేదు. ఎప్పుడూ రాయం కదా, మనకి తెలుసు కదా అని." మనకి తెలుసు కదా! ఎంత తేలిగ్గా ఉంది ఆ మాట, ఇన్నేళ్ళూ ఎంత ధీమాగా ఉంది, రేపు ఈ బుక్కు మనం కానివాళ్ళెవరైనా చదువుతారని నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు, అందులో ఒకాయన జీవితమంతా పాత కాగితాల గురించి పిల్లలకి చెప్పినవాడు. కాగితం ఏం చెప్తోందో తర్వాత చూడండర్రా, ముందు ఎవరు రాశారు, ఎవరి కోసం, ఏ ఒత్తిడిలో రాశారు, అది చూడండి, అదీ ఆయన చెప్పే మొదటి పాఠం. సరే మాస్టారూ, చూస్తున్నాను. ఎవరు చెప్పారు, మీరు. ఎవరి కోసం?

నా కోసం. ఇది మాత్రం నలుగురికి కూడా తెలీదు, ఇద్దరికే తెలుసు.

రెండేళ్ళ కింద, లిఫ్టు వాళ్ళమ్మ పోయిన నెలకే వచ్చింది ఆ శనివారం. పట్టీ అంతకు ముందే రాసి గోడకి అంటించారు, ప్రశ్న మార్చాలని అక్కకి తోచలేదు, తోచినా రూలు ఒప్పుకోదు. "తిరిగిరాని మనిషిని యంత్రంతో ఉంచాలా, వదలాలా?" డబ్బాలో చేయి పెట్టి చీటీ తీసి విప్పితే, వదలాలి. నీలం సిరాతో, రెండో అక్షరం కాస్త అలుక్కుపోయి. చీటీ మళ్ళీ మడిచేశాడు. ఎందుకంటే అమ్మని అతను వదల్లేదు. నలభై ఒక్క రోజులు వదల్లేదు. ఇలాంటి వరండాలోనే, ఇలాంటి ఇనప కుర్చీలోనే, ఇంకో డాక్టరు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ వద్దన్నాడు, తమ్ముడు పోట్లాడాడు, మేనమామ చెయ్యి పట్టుకుని బతిమాలాడు, వద్దంటే వద్దన్నాడు. ఆఖరికి అమ్మ గుండె తనంతట తనే ఆగింది, నిర్ణయం అతని చేతిలోంచి తీసేసుకుంది, ఆ తల్లి బతికున్నప్పుడు కూడా అంతే, పిల్లాడు గిన్నెలు కడుగుతానంటే కడుగు కడుగు అంటూనే చేతిలోంచి లాక్కునేది. ఇప్పుడు ఈ బల్ల ముందు నిలబడి వదలాలి అని, నేను వదులుతాను అని, ప్రాణం పెట్టి, నేను అంటూ, ఎలా? బల్ల కింద నుంచి చీటీని మాస్టారి చేతిలో పెట్టేశాడు. మాస్టారికి వచ్చింది రెండోది, ఉంచాలి. ఆయన కిందకి చూసి చదివి, కళ్ళజోడు మీంచి ఇతని మొహం చూసి, తన చీటీ ఇటు జరిపి, ఇతని చీటీ జేబులో వేసుకున్నారు. చీటీలకి అంత నిష్ఠగా రూలు పెట్టిన మనిషి! ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. లేచి నిలబడి, మనిషంటే ఊపిరి కాదు, అని మొదలుపెట్టారు.

లిఫ్టు కూడా వాదించాడు. అమ్మ గోళ్ళ గురించి చెప్పాడు. నలభై ఒక్క రోజుల్లో ఆరుసార్లు కత్తిరించాను, పెరుగుతూనే ఉన్నాయి, కత్తిరించే పని నాకు ఉన్నన్నాళ్ళూ ఆవిడ నాకు అమ్మే, గుర్తుపట్టటం ఆవిడ పనే కానక్కర్లేదు, నేను పట్టుకుంటున్నాను కదా ఇద్దరి తరఫునా. ఇంకా ఏవేవో అన్నాడు, సగం గుర్తులేదు. తీర్పు మాస్టారికే ఇచ్చారు. అక్క తప్పలేదురా అన్నట్టు చూసింది, బావ తల దించుకుని సూదిలో దారం ఎక్కించాడు. అయిపోయింది, దిగుతున్నారు, ఇరుకు మెట్లు, ఒకరి వెనక ఒకరే దిగాలి, మాస్టారు ముందు, ఇతను వెనక. సగం మెట్ల మీద ఆయన ఆగారు. వెనక్కి తిరక్కుండా గోడకి చేయి ఆనించి, "బాగా మాట్లాడావురా లిఫ్టూ," అన్నారు. "నువ్వే గెలవాల్సింది." అని మళ్ళీ దిగటం మొదలుపెట్టారు.

నువ్వే గెలవాల్సింది. ఏమిటి దానర్థం? రెండేళ్ళుగా దాన్ని ఓదార్పు అనుకున్నాడు, తల్లి పోయిన కుర్రాడికి పెద్దాయన భుజం తట్టడం లాంటిది, అంతే. ఇప్పుడు, ఈ కుర్చీలో, ఆ మాట వేరుగా వినిపిస్తోంది. నువ్వే గెలవాల్సింది, అంటే నీ పక్షమే నాది, అని. నాకొచ్చిన చీటీయే నా మనసులోది, నీ కోసం ఇచ్చేసుకున్నాను, అని. మెట్లు దిగలేదు కదా ఇంకా, సగంలోనే ఉన్నాం కదా, రూలు మీరినట్టు కాదులే, అని. అలా అయితే, ఆయన ఉండాలనుకున్నారు. అలా అయితే, తన కోసం చెప్పిన అబద్ధం తిరిగొచ్చి ఆయన గొంతు మీద కూర్చుంది. వెనక్కి తిరిగుంటే, మొహం కనిపించుంటే! గోడకి ఆనించిన చేయి ఒక్కటే గుర్తుంది, సుద్దముక్క పట్టీ పట్టీ పగిలిన చూపుడువేలు.

పోనీ ఆయన బతికిన తీరు చూద్దాం, నోటిమాట వద్దు. రిటైరైన రోజునే ఇంట్లో పుస్తకాలన్నీ బడికిచ్చేశారు, నాలుగు బీరువాలు, ఒక్కదానికి కూడా వెనక్కి తిరిగి చూడలేదు, "నాలోకి రావాల్సినవి వచ్చేశాయి, మిగతాది కాగితం," అన్నారు. అదీ వదిలే మనిషి. కానీ ఆయనే వీధి చివర బస్సు కోసం నిలబడేవారు, ఆ రూటు తీసేసి ఏడాదైంది, తీసేసిన చార్టు వేసింది సొంత కూతురే, అయినా రోజూ పది నిమిషాలు నిలబడేవారు. ఎందుకు మాస్టారూ రాదు కదా అంటే, "రాదనే అనుకుంటున్నా. నాకు నిలబడటం ఇష్టం." అదీ ఉంచే మనిషి. ఇంకేం చేయాలి, బొమ్మా బొరుసా వేయాలా? ఆయన ఒక్క విషయంలో కూడా చిక్కడు, రెండు చేతులూ వెనక పెట్టుకుని ఏ చేతిలో ఉందో చెప్పు అని ఆడుకుంటున్నట్టుంది. నవ్వొచ్చింది లిఫ్టుకి. వరండాలో అటు పక్కన కూర్చున్న ముసలావిడ అతని వైపు చూసింది, నవ్వు ఆపుకున్నాడు, ఆపుకుంటే కళ్ళలోకి వచ్చింది.

నాలుగున్నర దాటింది. పక్క కుర్చీలోకి టైలరు బావ వచ్చి కూర్చున్నాడు, భుజాన ఇంకా కొలతల టేపు, తీయటం మర్చిపోయినట్టున్నాడు. బావకి చీటీ మార్చుకున్న సంగతి చెప్పాడు. రెండేళ్ళలో మొదటిసారి ఇంకొకరికి చెప్పాడు. మెట్ల మీద మాట కూడా చెప్పాడు. బావ టేపు కొసని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.

"దొంగపిల్లలు ఇద్దరూ," అన్నాడు చివరికి. "నా డబ్బా ముందరే."

"ఏం చెప్పమంటావు బావా?"

"నన్నడుగుతావేంట్రా. ఆ పిల్లని చూశావా? పంతొమ్మిది రోజులుగా తిండి లేదు, నిద్ర లేదు. నిన్నటిదాకా నాన్నని నేను చంపుతున్నానా అని ఏడ్చింది. నిన్న ఆ కాగితం దొరికాక కాస్త అన్నం తింది. దాని చేతిలోంచి అది లాక్కుంటావా?"

"నిజం కాకపోతే?"

"నిజమేదో నీకు తెలుసా?"

"తెలీదు."

"మరి తెలీనిదాని కోసం తెలిసినదాన్ని పాడు చేస్తానంటావు." బావ అక్కడే ఆగాడు, ఆగి గట్టిగా ఊపిరి వదిలాడు. "చూడు, నేను వాదిస్తున్నట్టున్నాను. చీటీ లేకుండా. నాకు భయమేస్తోందిరా, నన్ను మాట్లాడించకు." లేచి, టేపు మడిచి జేబులో పెట్టుకుని, మాస్టారిని అద్దంలోంచి ఒకసారి చూసి, భుజాల కొలత తీసుకుంటున్నట్టే చూసి, మెట్ల వైపు వెళ్ళిపోయాడు. ఆసుపత్రి లిఫ్టు ఎక్కలేదు. తలుపు రెండోసారి మూసుకోవటం బావకి కూడా నచ్చలేదేమో.

లిఫ్టులు బాగుచేసేవాళ్ళ పనిలో ఒక పద్ధతుంది. మరమ్మతుకి కరెంటు తీసే ముందు ప్రతి అంతస్తులోనూ తలుపు మీద అరచేత్తో కొట్టి అడగాలి, లోపల ఎవరైనా ఉన్నారా? ఒక అంతస్తులో ఒకసారి కాదు, మూడుసార్లు. జవాబు రాకపోతే కూడా వెంటనే తీయకూడదు, కాసేపు నిలబడాలి, లోపలివాళ్ళు నిద్రపోతున్నారో, భయపడ్డారో, చెవుడో. లిఫ్టు పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా అది తప్పలేదు. ఇందాక లోపలికి వెళ్ళినప్పుడు అదే చేశాడు. వంగి, మాస్టారి చెవి దగ్గర, లోపల ఉన్నారా మాస్టారూ అని అడిగాడు. మూడుసార్లు అడిగాడు. గడ్డం నున్నగా గీశారు, ఎవరో శ్రద్ధగా చేసినట్టున్నారు, చెవి పక్కన చిన్న సబ్బు మరక ఎండిపోయింది. నిలబడ్డాడు. ఉస్సు, టక్. కనురెప్ప కింద ఏదో కదిలినట్టుంది, డాక్టరు ముందే చెప్పాడు అలాంటివి కదులుతాయని, దానికి అర్థం వెతకొద్దని. వెతికాడు. అమ్మ రెప్పల కింద కూడా అలాగే వెతికేవాడు, ప్రతి పూటా ఏదో ఒకటి దొరికేది, దొరికిందని తమ్ముడికి ఫోన్ చేసేవాడు, తమ్ముడు ఏమీ అనకుండా పెట్టేసేవాడు. ఇప్పుడు తనే ఇంకొకరి రెప్పలు చూసి, డాక్టరు చెప్పింది ఒప్పుకుని, బయటికొచ్చి కూర్చున్నాడు. అమ్మ విషయంలో ఒప్పుకోనిది ఈయన విషయంలో ఎలా ఒప్పుకున్నాడు? ఒప్పుకున్నాడా?

ఇక్కడికొచ్చేసరికి మనసు మొండికేసింది, కదలనంది, కదిలితే తగిలేది అదే. ఇది మాస్టారి మాటే అని చెప్తే, వదలటమే సరి అని చెప్పినట్టు. వదలటమే సరి అయితే నలభై ఒక్క రోజులు అమ్మని ఏం చేశాడు? గొట్టాలకి కట్టేసి, గోళ్ళు కత్తిరించుకుంటూ, అమ్మ ఉందని తనకి తాను చెప్పుకుంటూ, ఎవరి కోసం? మాస్టారి పాఠం మళ్ళీ, ఎవరి కోసం, ఏ ఒత్తిడిలో? ఇది మాస్టారి మాట కాదు అని చెప్తే, ఆయన ఆ మంచం మీదే ఉంటారు, నెలో, ఏడాదో, ఆ పిల్ల డిపోకీ ఆసుపత్రికీ మధ్య అరిగిపోతుంది, అప్పుడు అది నిజం చెప్పటమా, లేక అమ్మకి చేసిందే ఇంకోసారి చేసి, చూశావా, అప్పుడూ నేను చేసింది సరైనదే అనిపించుకోవటమా? ఏ మాట పట్టుకున్నా దాని వెనక తనే ఉన్నాడు. తను లేని మాట ఒక్కటి దొరికితే చాలు, అది చెప్పేసి పోవచ్చు. అందుకే కదా మాస్టారూ మీరు చీటీలు పెట్టింది, మనిషి అడ్డం రాకుండా మాట మాత్రమే రావాలని, మీకు ముందే తెలుసు కదా, మనిషిని పక్కకి జరిపితే తప్ప ఎవడూ ఏదీ చూడలేడని, మరి మనిషినే అడిగినప్పుడు ఏం చేయాలో ఆ ఒక్కటీ ఎందుకు నేర్పలేదు?

నాలుగూ యాభై. కూతురు వచ్చింది, మొహం కడుక్కున్నట్టుంది, నుదుటి దగ్గర వెంట్రుకలు తడిగా అంటుకుని ఉన్నాయి. అతని పక్కన, బావ లేచిన కుర్చీలో కూర్చుంది. నోటుబుక్కు అడగలేదు. ఇద్దరూ ఎదురుగా అద్దాల తలుపునే చూస్తున్నారు. చెప్పేయాలి, డాక్టరు ముందు కాదు, ముందు ఈమెకి, ఇప్పుడే, నోరు తెరిచాడు.

"అమ్మాయ్, ఆ బుక్కు గురించి ఒక సంగతి..."

"చీటీల గురించేనా?" అంది ఆమె.

అతను తల తిప్పి చూశాడు.

"నాకు తెలుసన్నయ్యా. మొదట్నుంచీ తెలుసు. శనివారం అన్నం తింటూ ఇవాళ నాకు ఏ చీటీ వచ్చిందో చెప్పుకో చూద్దాం అనేవారు. నేను ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేదు." బుక్కు వైపు చూసింది. "ఈ పేజీ గురించి మాత్రం చెప్పలేదు. ఆ శనివారం అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఏం నాన్నా అంటే తలనొప్పన్నారు. మీకేమైనా చెప్పారా ఆ రోజు?"

నువ్వే గెలవాల్సింది. నాలుక చివరే ఉంది. ఆ మాట ఈమె వినాల్సిన మాట, ఈమె నాన్న మాట, ఈమెదే. ఆ మాట వింటే ఈమె ఇంకెప్పటికీ నిద్రపోదు.

అతను జవాబు చెప్పేలోపే ఆమె చేయెత్తి వద్దంది. "ఉండండి. చెప్పొద్దు. ఏదో ఉందని మీ మొహం చూస్తేనే తెలుస్తోంది. నేను చెప్పేది వినండి. నాన్న నిజంగా ఏమనుకునేవారో నాకు తెలీదు. ఆయన కడుపున పుట్టి ముప్ఫై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా తెలీదు. మీకూ తెలీదనుకుంటా. ఇంక నేనే తేల్చుకోవాలి, తేల్చుకున్నాను, రాత్రే తేల్చుకున్నాను, ఈ కాగితం లేకపోయినా అదే. కానీ నేను తేల్చానని నాకు గుర్తుండకూడదన్నయ్యా. నాన్నే తేల్చారని ఉండాలి. అది నా అంతట నేను చెప్పుకుంటే నాకు నమ్మకం కలగదు. ఇంకొకరు చెప్పాలి. డాక్టరు అడిగితే, ఇది మా మాస్టారి మాటే అని ఒక్కసారి, గట్టిగా, నేను వింటుండగా చెప్పండి. చాలు." ఇంత చెప్పి, ఇంక ఏడుపు రాదన్నట్టు రెండు అరచేతులతో మొహం గట్టిగా తుడుచుకుంది. "మీరు చెప్పకపోయినా నేనేమీ అనుకోను. నిజంగానే అనుకోను."

అనుకోదు, అది కూడా నిజమే, ఆ గొంతులో బెదిరింపు లేదు, అలక లేదు, అందుకే తప్పించుకోవటానికి దారి లేదు. ఇన్నేళ్ళూ నమ్మని మాటలు నమ్మినట్టు చెప్పటంలో ఆరితేరినవాడు, వారం వారం సాధన చేసినవాడు, ఇప్పుడు ఒక్క వాక్యం, నాలుగు పదాలు, చెప్పలేడా? చెప్పగలడు. అదే భయంగా ఉంది, ఎంత బాగా చెప్పగలడో తెలుసు కాబట్టి. గొంతు కూడా వణుకుతుంది. కళ్ళజోడు ఉంటే తీసి తుడుచుకునేవాడు కూడా. కానీ అది చెప్పిన క్షణం నుంచీ మెట్ల మీద ఆగిన ఆ మనిషి, వెనక్కి తిరక్కుండా గోడకి చేయి ఆనించి రూలు సగం తప్పి ఒక్క మాట ఇచ్చిన ఆ మనిషి, ఎప్పుడూ ఆగలేదని ఒప్పుకోవాలి. ఆ మాట వినడానికి ఈ భూమ్మీద మిగిలింది తనొక్కడే, తను కూడా విన్లేదంటే అది ఎక్కడికి పోతుంది?

డాక్టరు గది తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికొచ్చి ఇద్దర్నీ లోపలికి రమ్మన్నాడు. చిన్న గది, మూడు కుర్చీలు, కిటికీలోంచి సాయంత్రపు ఎండ బల్ల మీద సగం దాకా. డాక్టరు నోటుబుక్కు తీసుకుని అరవై రెండో పేజీ తెరిచి, అందరికీ కనిపించేలా తిప్పి పెట్టాడు, గ్రీజు మరకని చూసీ చూడనట్టు వదిలేశాడు. కూతురు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డాక్టరు తొందరపెట్టకుండా, మెత్తగా, లిఫ్టు కళ్ళలోకి చూస్తూ అడిగాడు.

"మీరు ఆయనకి చాలా దగ్గర మనిషని అమ్మాయి చెప్పింది. మీకు తెలిసినంతలో చెప్పండి, ఇది ఆయన మాటేనా?"

ఆమె కళ్ళు మూసుకుంది, వినడానికి సిద్ధంగా. లిఫ్టు ఊపిరి తీసుకున్నాడు.

ఇంతసేపు కదలకుండా కూర్చున్నారు కదా, అతనికి తెలిసినదంతా ఇప్పుడు మీకూ తెలుసు, ఒక్క ముక్క కూడా దాచలేదు. ఆ కుర్చీలో మీరుంటే, పక్కన ఆ అమ్మాయి అలా కళ్ళు మూసుకుని ఉంటే, మీరేం చెప్తారు?